విడుదలైన రెండు చిత్రాలూ దొరకవు, మూడోది విడుదలే కాలేదు: పెదతాతగారి మీద డాక్యుమెంటరీ ఎలా తీయాలి?

నీలిఅంచు (ప్రశ్న)

నమస్కారం. మా నాన్నగారి పెదనాన్నగారు, అంటే నాకు పెదతాతగారు, మద్రాసులో తెలుగు చిత్రాలకు మొదట సహాయ దర్శకుడిగానూ, 1950ల తొలి సంవత్సరాలలో దర్శకుడిగానూ పనిచేశారు. ఆయన దర్శకత్వంలో రెండు చిత్రాలు విడుదలయ్యాయి. ఆ రెండింటికీ ప్రింటు గాని నెగటివు గాని ఎక్కడైనా మిగిలిన జాడ మాకు ఇంతవరకు చిక్కలేదు. మూడో చిత్రం చాలావరకు తీసిన తరువాత పెట్టుబడి అందక ఆగిపోయింది, దానితోపాటే ఆయన సినిమా జీవితమూ ఆగిపోయింది. ఆయన మీద గంట నిడివి గల డాక్యుమెంటరీ ఒకటి తీయాలని నేనూ, ఎడిటింగు వృత్తిలో ఉన్న నా స్నేహితురాలూ పూనుకున్నాము.

మా చేతిలో ఉన్నది కొద్దే. మొదటి చిత్రం పాటల పుస్తకం, కొన్ని స్టిల్స్, ఒక గ్రామఫోను రికార్డు, పెన్సిలుతో షాట్ల విభజన రాసుకున్న నోటుపుస్తకం ఒకటి (అది ఏ చిత్రానిదో ఇంకా తేలలేదు), అటక మీద దొరికిన ఒక ఫిల్ము డబ్బా. డబ్బా మూత కొంచెం కదిలించగానే ఘాటైన పులుపు వాసన వచ్చింది కాబట్టి వెంటనే మూసివేశాము.

నన్ను వేధిస్తున్న ప్రశ్నలు మూడు. లేని చిత్రాన్ని తెర మీద ఎలా చూపాలి? పాటల పుస్తకంలోని కథను పట్టుకుని కొన్ని సన్నివేశాలను నటులతో మళ్ళీ తీద్దామని నా స్నేహితురాలు అంటోంది. స్టిల్స్‌ను కృత్రిమ మేధతో కదిలించి చూపవచ్చునని ఇంకొకరు సలహా ఇచ్చారు. నాకు రెండూ పూర్తిగా మింగుడు పడటం లేదు. రెండోది, చిత్రాలు ఎలా పోయాయన్నదానిపై మా ఇంట్లోనే మూడు కథలున్నాయి. నెగటివులు లాబ్‌లో కాలిపోయాయని నాన్నగారు చెబుతారు, ఫైనాన్షియరు పట్టుకుపోయాడని బాబాయి అంటాడు, పెదతాతగారే స్వయంగా రీళ్ళను వెండి తీసేవాళ్ళకు అమ్మేశారని ఆయన కూతురు, మా అత్తయ్యగారు, అంటారు. ఏ కథను నమ్మాలి? మూడోది అన్నిటికంటె ఇబ్బందికరమైనది. అత్తయ్యగారు కెమెరా ముందు మాట్లాడడానికి ఒప్పుకున్నారు గాని, అప్పుల ప్రస్తావన చిత్రంలో రాకూడదని షరతు పెట్టారు. అప్పులు లేకుండా మూడో చిత్రం ఎందుకు ఆగిపోయిందో చెప్పడం నాకు సాధ్యంగా కనిపించడం లేదు.

వెండిరేణువు

ముందు డబ్బా సంగతి చూడండి, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలన్నీ ఆగగలవు గాని అది ఆగదు. పులుపు వాసన వచ్చిందంటే అది చాలావరకు అసిటేటు ఫిల్ము అయివుంటుంది. వేడికీ తేమకూ దాని ఆధారపు పొర విచ్ఛిన్నమవుతూ అసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లమే తిరిగి ఆ విచ్ఛిన్నతను ఇంకా వేగిరపరుస్తుంది. అందుకే ఒకసారి వాసన మొదలైన తరువాత క్షీణత నానాటికీ వేగం పుంజుకుంటుందే తప్ప తగ్గదు. అయినా మీకు ఇందులో కొంత ఊరట ఉంది. 1950ల తొలి సంవత్సరాల దాకా వాడుకలో ఉన్న నైట్రేటు ఫిల్మే అయితే దానిని ఇంట్లో ఉంచుకోవడమే ప్రమాదం. అది మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను తనలోంచే తీసుకుంటుంది కాబట్టి నీళ్ళు పోసినా ఆరదు.

అలాగని వాసన ఒక్కదానినే ప్రమాణంగా తీసుకోకండి. ఫిల్ము అంచున ఆంగ్లంలో సేఫ్టీ (అంటే అసిటేటు రకం) అని గాని నైట్రేట్ అని గాని ముద్రించి ఉండే అవకాశం ఎక్కువ. కొడాక్ ఫిల్ము అయితే ఆ అంచుననే వృత్తం, చతురస్రం, త్రిభుజం వంటి చిన్న గుర్తులుంటాయి. ముడి ఫిల్ము ఏ సంవత్సరంలో తయారైందో అవి చెబుతాయి. ఒకే గుర్తు ఇరవయ్యేళ్ళకొకసారి తిరిగి వస్తుంది, కాని మీ పెదతాతగారు పనిచేసిన కాలం మీకు తెలుసు కాబట్టి ఆ సందేహం మీకు అడ్డు కాదు.

ఎట్టి పరిస్థితుల్లోనూ దానిని ప్రొజెక్టరుకు ఎక్కించకండి. ఇలా పాడవుతున్న ఫిల్ము కుదించుకుపోతుంది, కుదింపు ఒక శాతానికి చేరేసరికే దాని రంధ్రాలు యంత్రం పళ్ళకు సరిపోక చిరిగిపోతాయి. పళ్ళ చక్రాలు లేకుండా నడిపించే స్కానర్లు ఉన్నాయి. ఆ పని తెలిసినవాళ్ళ చేతే చేయించాలి. అందాకా డబ్బాను పొడిగా, చల్లగా, గాలి ఆడే చోట, వేరే ఫిల్ముకు దూరంగా ఉంచండి, ప్లాస్టిక్ సంచిలో కట్టి బిగించకండి. 1964లో పుణేలో నెలకొల్పిన జాతీయ చలనచిత్ర భాండాగారానికి, 2014 నుంచి ముంబైలో పనిచేస్తున్న ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కు డబ్బా ఫోటోలతో ఉత్తరం రాయండి. భాండాగారం 2022 నుంచి జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్.ఎఫ్.డి.సి.) కిందికి వచ్చింది కాబట్టి చిరునామా చూసుకుని రాయడం మంచిది.

ఒక ముందుజాగ్రత్త మాట కూడా చెప్పాలి. ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది, అంటే వెయ్యి అడుగుల రీలులో ఉండేది పదకొండు నిమిషాల బొమ్మ మాత్రమే. అదీ బొమ్మే కాకపోవచ్చు. ఆ రోజుల్లో బొమ్మకు ఒక నెగటివు, శబ్దానికి వేరొక నెగటివు ఉండేవి; మీ డబ్బాలో ఫ్రేముల చోటంతా ఖాళీగా ఉండి ఒక పక్కన సన్నని గీత మాత్రమే కనిపిస్తే అది శబ్దపు నెగటివు. అప్పుడు నిరాశపడి పక్కన పెట్టేయకండి, మీ పెదతాతగారు రాయించిన సంభాషణలు అందులో ఉండవచ్చు.

పాతప్రకటనలు

మీ ఇంటి మూడు కథల గురించి రాస్తున్నాను. వాటిలో ఒకటే నిజమై తీరాలని మీరు ఎందుకు అనుకుంటున్నారు? చిత్రమంటే ఒక్క వస్తువు కాదు గదా. నెగటివు లాబ్‌లో ఉండేది, దాని మీద హక్కు నిర్మాతదో, నిర్మాతకు అప్పిచ్చినవాడిదో అయ్యేది. విడుదల ప్రింట్లు పంపిణీదారుల దగ్గర ఉండేవి; ఊరూరా ఆడి, గీతలు పడి, ఇక పనికిరావనుకున్న తరువాత వాటి ఎమల్షన్‌లోని, అంటే బొమ్మ పడే పూతలోని, వెండి కోసం తూకానికి అమ్ముడుపోయేవి. పూర్తికాని మూడో చిత్రం రషెస్, అంటే ఎడిటింగు కాని షూటింగు ముక్కలు, వీటిలో దేనికీ చెందక దర్శకుడి ఇంటికో నిర్మాత ఆఫీసుకో చేరి ఉంటాయి. కాబట్టి మీ నాన్నగారు ఒక చిత్రం నెగటివు గురించీ, బాబాయిగారు ఇంకొక చిత్రం నెగటివు గురించీ, అత్తయ్యగారు ప్రింట్ల గురించీ చెబుతూ ఉండి, ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. వస్తువువారీగా మూడు కాగితాలు పెట్టుకుని, ఒక్కొక్కటి చివరిసారి ఎవరి చేతిలో ఉండగా ఎవరు చూశారని అడుగుతూ రండి. ఎలా పోయిందని అడిగితే కథ చెబుతారు, ఎవరి దగ్గర చూశారని అడిగితే మనిషి పేరో, వీధి పేరో చెబుతారు.

ఇక కాగితాల సంగతి. పాటల పుస్తకం విలువైనదే గాని, దానిలోని కథాసంగ్రహం కీలకమైన మలుపు దగ్గర ఆగి, తరువాతి కథను వెండితెరపై చూడమంటుంది. వెండితెరే లేని చోట ఆ వాక్యం ఎంత క్రూరంగా ధ్వనిస్తుందో మీకు చెప్పనక్కరలేదు. ముగింపు తెలియాలంటే అప్పటి సమీక్షలు చదవాలి, ఎందుకంటే ఆనాటి సమీక్షకులకు ముగింపు చెప్పేయకూడదన్న పట్టింపు ఉండేది కాదు. ఆంధ్రపత్రిక దినపత్రిక, వారపత్రిక, ఆంధ్రప్రభ, సినిమా పత్రికలలో రూపవాణి మొదలైనవి వెతకండి. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేయించి అంతర్జాలంలో ఉంచింది. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల సంపుటాలున్నాయి. విడుదల నాటి ప్రకటనలో ఏయే ఊళ్ళలో ఏయే హాళ్ళలో ఆడుతోందో ఉంటుంది, ఆ తరువాతి వారాల ప్రకటనలలో ఆ జాబితా ఎలా కుంచించుకుపోయిందో కనిపిస్తుంది. వంద రోజులు ఆడిందని ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే దానిని తేల్చే మార్గం ఇదే, తేలినదానిని చిత్రంలో పెట్టే ధైర్యం కూడా మీకు ఉండాలి.

సెన్సారు వివరాలు కూడా అడగండి. సర్టిఫికెటులో చిత్రం నిడివి అడుగులలోనూ రీళ్ళలోనూ ఉంటుంది. పదహారు వేల అడుగులని తేలితే సుమారు మూడు గంటల చిత్రమన్నమాట. మీ నోటుపుస్తకంలోని షాట్లు అంత నిడివికి సరిపోతాయో లేదో చూసుకుంటే అది పూర్తయిన చిత్రానిదో ఆగిపోయినదానిదో కొంత తేలవచ్చు.

తొలి తెలుగు మూకీగా చెప్పుకునే 1921 నాటి భీష్మప్రతిజ్ఞ ఈనాడు లేదు, 1932లో విడుదలైన భక్త ప్రహ్లాద లేదు, దేశపు తొలి టాకీ ఆలం ఆరాకు ఒక్క ప్రింటూ లేదు. ఇది మీ కుటుంబానికి మాత్రమే జరిగిన అన్యాయంగా చిత్రాన్ని నడిపితే అసలు విషయం చిన్నదైపోతుంది. అయితే వెతుకులాట వ్యర్థమని దీని అర్థం కాదు. డెన్మార్క్ దర్శకుడు డ్రేయర్ 1928లో ఫ్రాన్సులో జోన్ ఆఫ్ ఆర్క్ మీద తీసిన చిత్రం అసలు రూపం 1981లో ఆస్లో వద్ద ఒక మానసిక చికిత్సాలయంలో దొరికింది. జర్మన్ మూకీ మెట్రోపొలిస్‌లో పోయిన భాగాలు 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లో ఒక పదహారు మిల్లీమీటర్ల ప్రతిలో బయటపడ్డాయి. రెండూ తీసిన దేశానికి దూరంగానే దొరికాయి. ఆ రోజుల్లో ప్రింటు దేశం దాటి వెళ్ళిందేమో పంపిణీదారుల ప్రకటనలలో చూడండి.

కత్తెరబల్ల

నటులతో మళ్ళీ తీయడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పాటల పుస్తకం ఆధారంగా తీయకండి. కథాసంగ్రహంలో కథ ఉంటుంది గాని దర్శకత్వం ఉండదు. కెమెరా ఎక్కడ నిలబడింది, పాత్ర తలుపు తీసే ముందు ఎంతసేపు ఆగింది, పాట ఏ ముఖం మీద మొదలైంది అన్నవే మీ పెదతాతగారి పని; అవి మీరు కల్పిస్తే అది మీ చిత్రమవుతుంది, ప్రేక్షకుడు మాత్రం దానిని ఆయనదిగా గుర్తుపెట్టుకుంటాడు. కృత్రిమ మేధతో స్టిల్స్‌ను కదిలించడం అంతకంటె ప్రమాదకరం. స్టిల్ అనేది సాధారణంగా చిత్రంలోని ఫ్రేము కాదు. షాటు అయ్యాక నటులను నిలబెట్టి వేరే ఫోటోగ్రాఫరు తీసిన బొమ్మ. దానిని కదిలిస్తే ఏ కెమెరా ముందూ ఎన్నడూ జరగని కదలికను చూపినట్లవుతుంది. తప్పనిసరైతే అది కల్పన అని తెర మీదే, ఆ దృశ్యం నడుస్తున్నంతసేపూ రాయండి.

నోటుపుస్తకం సంగతి వేరు, అది మీ చేతిలో ఉన్న అసలైన ధనం. సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ తీస్తున్న బెజిన్ మెడో చిత్రాన్ని 1937లో సోవియట్ అధికారులు ఆపివేయించారు, తీసిన భాగం తరువాత నాశనమైంది. కాని షాట్ల నుంచి కత్తిరించిన ఫ్రేములను ఆయన భార్య పేరా అతషేవా దాచి ఉంచింది. దర్శకుడు యుట్కేవిచ్, సినిమా చరిత్రకారుడు క్లైమన్ వాటిని స్క్రిప్టు క్రమంలో పేర్చి 1967లో సుమారు అరగంట చిత్రంగా కూర్చారు. కదలని బొమ్మలే అయినా ఎడిటింగు లయ మాత్రం దర్శకుడిదే అనిపిస్తుంది. మన దగ్గర కూడా ఫాల్కే కుటుంబం వద్ద ముక్కలు ముక్కలుగా దొరికిన కాళీయమర్దన్ రీళ్ళను పుణే భాండాగారాన్ని తీర్చిదిద్దిన పి.కె. నాయర్ ఫాల్కే రాతల ఆధారంగానే ఒక క్రమానికి తెచ్చారు. మీరు ఆ నోటుపుస్తకాన్ని గట్టిగా చదివించండి, షాటు సంఖ్యలు తెర మీద పడనివ్వండి, స్టిల్ ఉన్న చోట స్టిల్ పెట్టండి, లేని చోట ఆయన దస్తూరీనే చూపండి. నల్లతెరకు కూడా భయపడకండి, అయితే పొదుపుగా వాడండి.

రెండోఆట

పై అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. దస్తూరీ, స్టిల్స్, నల్లతెర కలిపి గంటసేపు నడిపితే చూసేవాళ్ళు ఆయన కుటుంబ సభ్యులే మిగులుతారు. నోటుపుస్తకంలో షాటు, లెన్సు, కదలిక అన్నీ స్పష్టంగా రాసి ఉన్న సన్నివేశం ఒక్కటి దొరికితే, దానిని ఆయన రాసినట్టే తీయవచ్చు, తీసేటప్పుడు జరిగే తర్జనభర్జనను కూడా చిత్రంలో ఉంచవచ్చు. ఇక్కడ ట్రాలీ ఎందుకు పెట్టమన్నారో మీ ఛాయాగ్రాహకుడికి అర్థంకాక ఆగిపోయిన క్షణంలో దర్శకుడిగా ఆయన ఎలాంటివారో ప్రేక్షకుడికి తెలుస్తుంది. ఇంటర్వ్యూలో పది మంది ఆయన గొప్పవారని చెప్పినా తెలియదు.

నీలిఅంచు

అందరికీ కృతజ్ఞతలు. వస్తువువారీగా విడదీసి అడగమన్న సలహాను బాబాయి మీద వెంటనే ప్రయోగించాను: ఆయన చెప్పిన ఫైనాన్షియరు కథ మూడో చిత్రానిదేననీ, మొదటి రెండింటి సంగతి తనకు అసలు తెలియదనీ తేలింది. స్టిల్స్ వెనుక పెన్సిలు అంకెలున్నాయి, వాటిని నోటుపుస్తకంలోని షాటు సంఖ్యలతో పోల్చి చూస్తాము. గ్రామఫోను రికార్డును వినిపించవచ్చునా? పాటలకూ స్టిల్స్‌కూ అనుమతి ఎవరిని అడగాలి?

గెజెటుపుట

రికార్డును ఇప్పటి ఎల్.పి. సూదితో వినకండి, డెబ్బై ఎనిమిది వేగపు రికార్డు గాడి దాదాపు మూడు రెట్లు వెడల్పు, దానికి తగిన సూది వేరే ఉంటుంది. శుభ్రం చేయించి ఒకసారి మంచి ప్రతి తీయించుకుని, ఆ తరువాత దానినే వాడండి. వాడేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి: రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి చరణాలు తగ్గించేవారు, కొన్నిసార్లు రికార్డు కోసం వేరుగా పాడించేవారు కూడా. చిత్రంలో వినిపించిన పాట ఇదేనని వ్యాఖ్యానంలో ఖాయంగా అనకండి.

హక్కుల విషయంలో దర్శకుడి కుటుంబం కాబట్టి మీకే హక్కున్నదని అనుకోవడం పొరపాటు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం చలనచిత్రానికి కర్త నిర్మాత. విడుదలైన సంవత్సరం తరువాతి జనవరి నుంచి అరవై ఏళ్ళు ఆ హక్కు నిలుస్తుంది. ఉదాహరణకు 1953లో విడుదలైన చిత్రానికి 2013 చివరితో ముగిసింది. రికార్డింగుకు లెక్క ఇలాంటిదే. ఫోటోలకు మాత్రం 2012 సవరణ తరువాత గడువును ఫోటోగ్రాఫరు మరణం నుంచి లెక్కిస్తారు. అలాగే పాట సాహిత్యానికి గడువు కవి మరణం నుంచి లెక్కిస్తారు, బాణీకి సంగీత దర్శకుడి మరణం నుంచి. అందువల్ల రికార్డింగు గడువు తీరినా పాట గడువు తీరకపోవచ్చు, వారి వారసులను వెతకవలసి ఉంటుంది. పెదతాతగారి నోటుపుస్తకం, ఉత్తరాలు ఆయన వారసుల సొత్తు, అంటే ముందుగా సంతకం తీసుకోవలసింది అత్తయ్యగారి వద్దనే.

చిక్కు మూడో చిత్రంతోనే. గడువు ప్రచురణ నుంచి మొదలవుతుంది, ఆ చిత్రం ప్రచురణే కాలేదు. మీ డబ్బాలో దాని రషెస్ ఉంటే నిర్మాత వారసులూ, నిర్మాతకు అప్పిచ్చి చిత్రాన్ని తాకట్టు పట్టినవారి వారసులూ బయటికి రావచ్చు. కర్త మరణించినా ఆచూకీ తెలియకపోయినా లైసెన్సు కోరడానికి 31ఎ సెక్షన్ దారి చూపుతుంది గాని, దాని కోసం ఈ రంగం తెలిసిన న్యాయవాదిని సంప్రదించకుండా అడుగు వేయకండి.

పాతప్రకటనలు

అత్తయ్యగారి షరతు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి మళ్ళీ వచ్చాను. ఆమె అభ్యంతరం అప్పుల మీదనా, అప్పులను ఆమె నోటి వెంట చెప్పించడం మీదనా అన్నది ముందు తెలుసుకోండి, రెండూ ఒకటి కావు. ఆగిపోయిన చిత్రాల వెనుక అప్పు ఉండటం ఆ కాలపు మద్రాసులో రహస్యమేమీ కాదు. ముడి ఫిల్ముకూ, స్టూడియో అద్దెకూ, లాబ్ బిల్లుకూ డబ్బు ఎలా తిరిగేదో ఆనాటి పరిశ్రమ సంగతిగా వేరే గొంతుతో, పత్రాలతో చెప్పవచ్చు. ఇంట్లో ఏమి అమ్ముకున్నారు, ఎవరు గుమ్మంలో నిలబడి అరిచారు అన్నవి మాత్రం ఆమెవి, ఆమె ఇస్తేనే మీవి. షరతుకు ఒప్పుకున్నట్టు నటించి తరువాత ఎడిటింగులో దాటిపోవడం మాత్రం చేయకండి. రఫ్ కట్, అంటే తొలి ఎడిటింగు ప్రతి, ఆమెకు చూపిస్తానని మాట ఇవ్వండి, తన మాటల్లో ఏది తీసివేయమన్నా తీసివేస్తానని చెప్పండి, అయితే ఇతరుల మాటల మీద, పత్రాల మీద ఆ అధికారం ఉండదని కూడా అదే రోజు చెప్పండి.

ఇంకొకటి. ఇంటర్వ్యూలను చిత్రం నిర్మాణం ఖరారయ్యాక మొదలుపెట్టాలని చూడకండి. అత్తయ్యగారిని, ఆ చిత్రాలలో వేషం కట్టినవారో, యూనిట్‌లో పనిచేసినవారో ఎవరైనా మిగిలి ఉంటే వారిని, చూసిన ప్రేక్షకులను, వయసు క్రమంలో ఇప్పుడే కూర్చోబెట్టి మామూలు కెమెరాతోనైనా, మంచి మైకుతో రికార్డు చేయండి. మొదటిసారి స్టిల్స్ చూపించకుండా అడగండి. బొమ్మ చూశాక జ్ఞాపకం ఆ బొమ్మకే అతుక్కుపోతుంది. రెండోసారి స్టిల్స్, పాటల పుస్తకం ముందు పెట్టి అడగండి, అప్పుడు కథాసంగ్రహం ఆగిపోయిన చోటి నుంచి కథ ఎటు వెళ్ళిందో చెప్పగలవారు ఒక్కరైనా దొరకవచ్చు.